చమురు దొరికింది సరే, ఎంత ఉంది?

మీరు అడిగింది ఇది: “సముద్రంలో ఒక్క బావి తవ్వి, ఇన్ని కోట్ల బ్యారెళ్ల చమురు దొరికిందని ప్రకటిస్తారు. రెండు కిలోమీటర్ల లోతున రాతిలో ఉన్నదాన్ని అంత కచ్చితంగా ఎలా కొలుస్తారు? అంతా తెలిసిపోయాక ఆ చమురు బయటికి రావడానికి మళ్ళీ తొమ్మిదీ పదేళ్లు ఎందుకు పడుతుంది?”

నేను ఇరవై ఆరేళ్లు చమురు కంపెనీల్లో భూగర్భ శాస్త్రవేత్తగా పనిచేశాను. అందులో సగం పైగా కొత్త క్షేత్రాల లెక్కలు కట్టడంలోనే గడిచింది. కాబట్టి సూటిగా చెబుతాను: కచ్చితంగా కొలవరు. ఎవరూ కొలవలేరు. మా నివేదికలో ఎప్పుడూ కనీసం రెండు అంకెలు ఉంటాయి, “ఇంతకు తగ్గకపోవచ్చు” అని ఒకటి, “అదృష్టం బాగుంటే ఇంత” అని ఇంకొకటి. పత్రికకు చేరేసరికి పెద్దది మాత్రమే మిగులుతుంది. మీ రెండో ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. ఆ రెండు అంకెల మధ్య దూరాన్ని తగ్గించడానికే ఆ సంవత్సరాల్లో చాలా భాగం పోతుంది.

ఉదాహరణగా నార్వేలోని యోహాన్ స్వెర్‌డ్రుప్ క్షేత్రాన్ని తీసుకుంటాను. ఈ శతాబ్దంలో ఉత్తర సముద్రంలో దొరికిన వాటిలో ఇదే పెద్దది. పైగా దీని కథలో మా వృత్తిలోని తప్పులు, ఒప్పులు రెండూ ఉన్నాయి.

స్టవాంగర్ నగరానికి పశ్చిమంగా సుమారు 150 కిలోమీటర్ల దూరంలో, 110 నుంచి 120 మీటర్ల నీటి కింద, సముద్రమట్టం నుంచి సుమారు 1900 మీటర్ల లోతున ఉంది ఈ చమురు. సముద్ర చమురు లెక్కల్లో ఇదేమీ లోతు కాదు. ఉట్సిరా మిట్ట అని పిలిచే ఈ ప్రాంతంలో 1960ల నుంచే అన్వేషణ సాగుతోంది. అయినా నలభై ఏళ్లకు పైగా ఎవరికీ చిక్కలేదు. కారణం పరికరాల లోపం ఒక్కటే కాదు, ఒక నమ్మకం. చమురు పుట్టే రాయి ఈ మిట్టకు పడమట ఉన్న లోతైన లోయలో ఉంది. సేంద్రియ పదార్థం అక్కడే ఉడికి చమురు అవుతుంది. మా పరిభాషలో ఆ చోటును ‘వంటిల్లు’ అనే అంటారు. ఆ వంటింటి నుంచి బయలుదేరిన చమురు మిట్ట దాటి తూర్పు వైపుకు రాలేదని అప్పటి సాధారణ అభిప్రాయం.

2007లో లుండిన్ అనే సంస్థ మిట్టకు పడమటి వైపున ఒక క్షేత్రం కనుక్కుంది. ఇప్పుడు దాని పేరు ఎడ్వర్డ్ గ్రీగ్. ఆ సంస్థలో అన్వేషణకు నాయకత్వం వహించిన హాన్స్ క్రిస్టెన్ రోన్నెవిక్ బృందం అక్కడితో ఆగకుండా తూర్పు వైపు చూసింది. తేలిక భాషలో చెప్పాలంటే, ఒక గిన్నె నిండితే పొంగి పక్క గిన్నెలో పడుతుంది కదా, ఆ పక్క గిన్నె ఎక్కడ ఉంది అన్న ప్రశ్న. 2010లో తవ్విన 16/2-6 అనే బావి ఆ గిన్నెలోకి దిగింది. ఆ నిర్మాణానికి అవాల్డ్స్‌నెస్ అని పేరు పెట్టుకున్నారు.

అప్పుడు ప్రకటించిన అంచనా: వెలికితీయదగిన చమురు 10 కోట్ల నుంచి 40 కోట్ల బ్యారెళ్లు. ఈ రెండు అంకెలను గుర్తుంచుకోండి, మళ్ళీ వీటి దగ్గరికి వస్తాను.

ముందు ఆ అంకె ఎలా పుడుతుందో చూద్దాం. లెక్క ఎనిమిదో తరగతి పిల్లలు కూడా చేయగలిగినదే. చమురు ఉన్న రాతి విస్తీర్ణం, దాని మందం, ఆ మందంలో పనికొచ్చే ఇసుకరాయి ఎంత శాతం, ఆ రాతిలో ఖాళీ రంధ్రాలు ఎంత శాతం, ఆ రంధ్రాల్లో నీరు పోను చమురు ఎంత శాతం, వీటన్నింటినీ గుణించాలి. చివరగా, లోతున ఒత్తిడిలో ఉన్న చమురు పైకి వచ్చి వాయువు వదిలేసాక కుంచించుకుపోతుంది కాబట్టి ఆ మేరకు భాగించాలి.

నేను ఊహించిన ఒక క్షేత్రం తీసుకోండి. విస్తీర్ణం 100 చదరపు కిలోమీటర్లు, మందం 20 మీటర్లు, పనికొచ్చే రాయి 90 శాతం, రంధ్రాలు 25 శాతం, వాటిలో చమురు 80 శాతం, కుంచించుకుపోయే గుణకం 1.2. గుణిస్తే 30 కోట్ల ఘనపు మీటర్లు, అంటే దాదాపు 189 కోట్ల బ్యారెళ్లు వస్తుంది. ఇప్పుడు ప్రతి అంకెనూ కాస్త కాస్త తగ్గించండి. విస్తీర్ణం 80, మందం 15, పనికొచ్చే రాయి 85 శాతం, రంధ్రాలు 23 శాతం, చమురు 75 శాతం. ఎవరూ తప్పు పట్టలేని సవరణలే ఇవి. జవాబు మాత్రం 92 కోట్లకు పడిపోతుంది. సగం కూడా లేదు. ఇంకా ఇందులో భూమిలో ఉన్న చమురు ఎంతో మాత్రమే చెప్పాను. పైకి తీయగలిగేది దానిలో ఒక భాగమే.

ఒక్క బావి ఈ ఆరు అంకెల్లో ఎన్నింటిని చెబుతుంది? రాతి ముక్క పైకి వస్తుంది కాబట్టి రంధ్రాల శాతం తెలుస్తుంది. బావిలోకి దించిన పరికరాలు నీరెంతో చమురెంతో చెబుతాయి. చమురు నమూనా ప్రయోగశాలకు పోతుంది. మందం తెలుస్తుంది, కానీ ఆ బావి ఉన్న చోట మాత్రమే. బావి వెడల్పు జానెడు. క్షేత్రం ఒక పట్టణమంత. విస్తీర్ణం గురించి బావికి ఏమీ తెలియదు. దానికి ఆధారం సీస్మిక్ సర్వే ఒక్కటే: ఓడ నుంచి ధ్వని తరంగాలు పంపి, పొరల మీద తగిలి తిరిగి వచ్చే ప్రతిధ్వనులతో గీసిన పటం. ఆ పటంలో నిలువు కొలత నిజానికి మీటర్లలో ఉండదు, సమయంలో ఉంటుంది. సమయాన్ని లోతుగా మార్చాలంటే మధ్యలోని రాళ్లలో ధ్వని వేగం తెలియాలి. ఆ వేగం కూడా బావి దగ్గరే కచ్చితంగా తెలుస్తుంది.

ఇక్కడ స్వెర్‌డ్రుప్‌కు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. అది ఎత్తైన గోపురం లాంటి నిర్మాణం కాదు, పళ్ళెంలా పరుచుకున్నది. చెంబులో నీళ్లు వేలెడు తగ్గితే నీటి వైశాల్యం పెద్దగా మారదు. పళ్ళెంలో వేలెడు తగ్గితే సగం పళ్ళెం బయటపడుతుంది. వాలు అంత తక్కువ ఉన్న చోట, లోతు లెక్కలో ఐదారు మీటర్ల తేడా వస్తే అనేక చదరపు కిలోమీటర్లు చమురు నుంచి నీటిలోకి మారిపోతాయి. పైగా సీస్మిక్ తరంగాల తరంగదైర్ఘ్యం ఆ లోతుల్లో వంద మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. అందులో నాలుగో వంతు కంటే పలుచని పొరను అవి విడిగా చూపలేవు. స్వెర్‌డ్రుప్ ఇసుకరాయి కొన్ని చోట్ల పదుల మీటర్ల మందం, అంచుల్లో కొన్ని మీటర్లే. అంటే అంచులు పటంలో కనబడవు. తవ్వి చూడాల్సిందే.

2011 ఆగస్టులో కథ మలుపు తిరిగింది. పక్క లైసెన్సులో, అంటే అన్వేషణకు ప్రభుత్వం కేటాయించిన పక్క ప్రాంతంలో, అప్పటి స్టాటాయిల్ సంస్థ (నేటి ఈక్వినార్) 16/2-8 బావి తవ్వింది. వాళ్ల నిర్మాణం పేరు ఆల్డస్ మేజర్ సౌత్. అక్కడా చమురే. మొదట 20 నుంచి 40 కోట్ల బ్యారెళ్లన్నారు. అసలు సంగతి ఆ అంకెలో లేదు. ఇవి రెండు క్షేత్రాలా, ఒకటేనా అన్న ప్రశ్నలో ఉంది.

దానికి మేము చేసే పరీక్ష నాకు ఇప్పటికీ ముచ్చటగా అనిపిస్తుంది. బావి గోడకు ఒక పరికరాన్ని ఆనించి, వేర్వేరు లోతుల్లో రాతిలోని ద్రవపు ఒత్తిడి కొలుస్తాం. లోతుకు వెళ్లే కొద్దీ ఒత్తిడి పెరుగుతుంది. చమురులో మీటరుకు సుమారు 0.08 బార్, ఉప్పునీటిలో సుమారు 0.1 బార్. ఈ కొలతలను గ్రాఫు మీద పెడితే రెండు సరళరేఖలు వస్తాయి. అవి కలిసే చోటే చమురు అడుగు, నీటి తల. బావి ఆ సరిహద్దును తాకకపోయినా లెక్కతో పట్టుకోవచ్చు. ఇక రెండు బావుల కొలతలు ఒకే గీత మీద పడ్డాయంటే, మధ్యలో కిలోమీటర్ల దూరం ఉన్నా రెండూ ఒకే కుండలో ఉన్నాయని గట్టి సూచన. తాపీమేస్త్రీ నీటి గొట్టంతో రెండు గోడల మట్టం చూస్తాడే, అదే సూత్రం.

ఆ గీతలు కలిశాయి. లైసెన్సు సరిహద్దుకు అటూ ఇటూ ఉన్నది ఒకే మహా క్షేత్రమని తేలింది. అదే ఏడాది శరదృతువు నాటికి అవాల్డ్స్‌నెస్ వైపు అంచనాను 80 నుంచి 180 కోట్ల బ్యారెళ్లకు పెంచారు. 2012లో రెండింటికీ కలిపి, నార్వేలో పార్లమెంటరీ పాలనకు పునాది వేసిన పంతొమ్మిదో శతాబ్దపు ప్రధాని యోహాన్ స్వెర్‌డ్రుప్ పేరు పెట్టారు.

ఒక జాగ్రత్త చెప్పాలి. కొలతలు ఒకే గీత మీద పడటం అంటే లక్షల ఏళ్లలో ఒత్తిడి సమం అయిందని మాత్రమే. రేపు చమురు తోడుతున్నప్పుడు ఆ బావి వైపు నుంచి ఈ బావికి ఇరవై ఏళ్లలో చమురు ప్రవహిస్తుందా అన్నది వేరే ప్రశ్న. మధ్యలో ఒక సన్నని బంకమట్టి పొర ఉన్నా లక్షల ఏళ్లలో ఒత్తిడి దాన్ని దాటి సర్దుకుంటుంది, ఇరవై ఏళ్లలో చమురు దాటలేదు. ఈ తేడా మరిచి వేసిన ప్రణాళికలు చాలా దెబ్బతిన్నాయి. అందుకే ప్రవాహ పరీక్ష చేస్తారు: బావిని కొన్ని గంటలు పారనిచ్చి, మూసేసి, ఒత్తిడి తిరిగి పెరిగే తీరును గమనిస్తారు. చెరువులో రాయి వేస్తే అల గట్టుకు తగిలి వెనక్కి వచ్చినట్టు, దూరంగా అడ్డుగోడ ఉంటే ఆ వంపులో కనబడుతుంది. స్వెర్‌డ్రుప్ రాయి ఈ విషయంలో అసాధారణమైనది. రాతిలోంచి ద్రవం ఎంత సులువుగా పారుతుందో చెప్పే పారగమ్యతను డార్సీల్లో కొలుస్తాం; మామూలు మంచి ఇసుకరాయిలో అది వందల మిల్లీడార్సీల్లో ఉంటుంది. ఇక్కడ చాలా చోట్ల అది అనేక డార్సీలు, అంటే వేల మిల్లీడార్సీలు. చేతిలోకి తీసుకుంటే పొడిగా రాలిపోయే ఇసుక అనుకోండి.

ఇక అప్రైజల్ బావుల సంగతి, అంటే దొరికిన క్షేత్రం ఎంతవరకు ఉందో తేల్చుకోవడానికి తవ్వే బావులు. 2010 నుంచి అభివృద్ధి ప్రణాళిక సమర్పించిన 2015 ఆరంభం దాకా ఇక్కడ ఇరవైకి పైగా బావులు తవ్వారు. బావి తవ్వే రిగ్గు అద్దె ఒక్కటే రోజుకు కొన్ని లక్షల డాలర్లు ఉండే కాలం అది. ఇంత ఖర్చు ఎందుకు అంటే, ఒక్కో బావి ఒక్కో ప్రశ్నకు. అంచులో ఇసుక ఉందా? దక్షిణాన చమురు సరిహద్దు ఇదే లోతులో ఉందా? ఈ పగులుకు అవతల ఒత్తిడి ఎంత? కొన్ని బావుల్లో చక్కటి ఇసుక దొరికింది, కానీ ఊహించిన దానికన్నా లోతుగా, నీటి మట్టానికి కింద. పత్రికల భాషలో అది ‘విఫలమైన బావి’. మాకు మాత్రం అది పటం మీద ఒక అంచును శాశ్వతంగా గీసి ఇచ్చిన బావి.

ఈ మాట నేను ఊరికే అనడం లేదు. నా తొలి రోజుల్లో పనిచేసిన ఒక సంస్థలో ఒక మధ్యస్థాయి క్షేత్రం దొరికింది. రెండో బావి ఎక్కడ అన్న చర్చ వచ్చింది. తూర్పు వాలు మీద, అంటే మా పటం మాకే సందేహంగా ఉన్న చోట తవ్వుదామని ఇద్దరం అన్నాం. పైవారు ఒప్పుకోలేదు. మొదటి బావికి ఒకటిన్నర కిలోమీటరు దూరంలో, ఎత్తు మీద తవ్వారు. చమురు దొరికింది. మిఠాయిలు పంచారు. మాకు తెలిసిన కొత్త సంగతి మాత్రం సున్నా. తెలిసినదాన్నే కొన్ని కోట్లు పెట్టి మళ్ళీ తెలుసుకున్నాం. ప్లాట్‌ఫాం కట్టాక తూర్పు వైపు ఉత్పత్తి బావి తవ్వితే, ఇసుక అనుకున్న దానికి పన్నెండు మీటర్లు కింద తగిలింది. మొదటి నెల నుంచే నీళ్లు. మిఠాయి తిన్నవాళ్లలో నేనూ ఉన్నాను, ఆ రోజు గట్టిగా వాదించాల్సింది అని ఇప్పటికీ అనిపిస్తుంది. రెండో బావి ఎప్పుడూ మన అంచనాను తప్పని తేల్చగలిగే చోట ఉండాలి.

ఇప్పుడు ఆ అంకెలకు తిరిగి వద్దాం. 2010లో 10 నుంచి 40 కోట్లు: పై అంకె కింది అంకెకు నాలుగు రెట్లు. 2015 ఫిబ్రవరిలో సమర్పించిన ప్రణాళికలో మొత్తం క్షేత్రానికి 170 నుంచి 300 కోట్ల బ్యారెళ్లు: రెండు రెట్లు కూడా లేదు. మొదటిది ఒక లైసెన్సుకు, రెండోది మొత్తం క్షేత్రానికి కాబట్టి నేరుగా పోల్చకూడదు, నిజమే. కానీ అంతరం ఎలా కుదించుకుపోయిందో చూడండి. ఇరవై పైచిలుకు బావులతో వాళ్లు కొన్నది అదే. ఇంకొకటి కూడా గమనించండి: నిజం మొదటి అంచనా పై అంకెను దాటేసింది. ‘తక్కువ, ఎక్కువ’ అని రెండు అంకెలు ఇచ్చినంత మాత్రాన వినయం వచ్చినట్టు కాదు. మా లెక్కల్లో అంతరాలు దాదాపు ఎప్పుడూ ఉండాల్సిన దానికన్నా ఇరుకుగానే ఉంటాయి.

స్వెర్‌డ్రుప్ విషయంలో తప్పు మంచి వైపు జరిగింది. ఎదురు వైపు ఉదాహరణ మన కాకినాడ తీరం దగ్గరే ఉంది. 2005 జూన్‌లో కృష్ణా-గోదావరి బేసిన్‌లో గుజరాత్ ప్రభుత్వ సంస్థ జీఎస్‌పీసీ తవ్విన బావి గురించి 20 లక్షల కోట్ల ఘనపు అడుగుల వాయువు అని ప్రకటించారు. దీన్‌దయాళ్ క్షేత్రం అది. నాలుగేళ్ల తరువాత ఆమోదం పొందిన అభివృద్ధి ప్రణాళికలో కనిపించిన పరిమాణం సుమారు పదో వంతు. పైగా అక్కడి రాయి బిగువైనది, ఒత్తిడి, ఉష్ణోగ్రత చాలా ఎక్కువ. స్వెర్‌డ్రుప్‌లో రాలిపోయే ఇసుకకు పూర్తిగా వ్యతిరేకం. చివరికి 2017లో ఓఎన్‌జీసీ ఆ బ్లాకులో 80 శాతం వాటా కొనుక్కుంది. ఒక్క బావి చూసి పండగ చేసుకుంటే ఏమవుతుందో మన వాళ్లకు వేరే దేశం చూపాల్సిన పని లేదు.

ఆలస్యానికి రెండో కారణం రాయి కాదు, మనుషులు. క్షేత్రం ఒకటే, లైసెన్సులు అనేకం. చమురు సరిహద్దు రాళ్లను గౌరవించదు, గొట్టం ఎవరు ముందు వేస్తే వారి వైపు పారుతుంది. నార్వేలో అలాంటి క్షేత్రాన్ని ఉమ్మడిగా అభివృద్ధి చేయాలన్నది నియమం. వాటాల మీద కుదరలేదు. డెట్ నోర్స్కే అనే భాగస్వామి, పరిమాణంతో పాటు విలువను కూడా లెక్కలోకి తీసుకోవాలని పట్టుబట్టి సంతకం చేయలేదు. ఒక లైసెన్సు కింద ఉన్న చమురు ముందు బయటికి వస్తే దాని విలువ ఎక్కువ కదా అని వాళ్ల వాదన. 2015 జూలైలో ప్రభుత్వమే తేల్చింది: స్టాటాయిల్‌కు 40.0267 శాతం, లుండిన్‌కు 22.6, ప్రభుత్వ సంస్థ పెటోరోకు 17.36, డెట్ నోర్స్కేకు 11.5733, మెర్స్క్‌కు 8.44. ఆ నాలుగో దశాంశ స్థానాన్ని చూసి నవ్వకండి. ఇన్ని కోట్ల బ్యారెళ్లలో శాతంలో వందో వంతు కూడా లక్షల బ్యారెళ్లే.

ఆ పని ముందే చేసుకోకపోతే ఏమవుతుందో కూడా కృష్ణా-గోదావరి చెబుతుంది. ఓఎన్‌జీసీ బ్లాకు నుంచి వాయువు పక్కనున్న రిలయన్స్ బ్లాకులోకి వలస వెళ్లిందన్న వివాదంలో 2016లో కేంద్రం 155 కోట్ల డాలర్లు కట్టమంది. 2018లో మధ్యవర్తిత్వ ట్రిబ్యునల్ రిలయన్స్ పక్షాన తీర్పు ఇచ్చింది. 2025 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం దాన్ని కొట్టేసింది. వాయువు ఎప్పుడో కాలిపోయింది, లెక్క మాత్రం కోర్టుల్లో ఉంది.

స్వెర్‌డ్రుప్‌లో తొలి చమురు 2019 అక్టోబరు 5న బయటికి వచ్చింది. కనుక్కున్న తొమ్మిదేళ్లకు. రెండో దశ 2022 డిసెంబరులో మొదలైంది. ప్లాట్‌ఫాంలకు కరెంటు ఒడ్డు నుంచి కేబుల్ మీద వస్తుంది, చమురు 283 కిలోమీటర్ల గొట్టంలో మోంగ్‌స్టాడ్ శుద్ధి కర్మాగారానికి పోతుంది. అదంతా కట్టడానికి పట్టిన కాలం వేరే.

తొమ్మిదేళ్లు తప్పనిసరా అంటే, కాదు. గయానా తీరంలో ఎక్సాన్ మోబిల్ లీజా క్షేత్రాన్ని 2015 మేలో కనుక్కుంది, 2019 డిసెంబరులో చమురు తీసింది. నాలుగున్నరేళ్లు. మరి అక్కడ అప్రైజల్ చేయలేదా? చేశారు, కానీ వేరే పద్ధతిలో. సముద్రగర్భంలో కాళ్లు పాతే భారీ ప్లాట్‌ఫాంలు కాకుండా, తేలియాడే ఉత్పత్తి నౌకను తెచ్చారు. మొదటి దశను చిన్నదిగా, రోజుకు 1.2 లక్షల బ్యారెళ్లకు పెట్టుకున్నారు. మిగిలిన సందేహాలను ఉత్పత్తి చేస్తూనే తీర్చుకుంటూ, ఒక్కో దశకు ఒక్కో నౌకను చేర్చుకుంటూ పోయారు. స్వెర్‌డ్రుప్‌లో అలా కుదరదు. అక్కడి ప్లాట్‌ఫాంలు, గొట్టాలు, కేబుళ్లు ఒక్కసారి వేస్తే యాభై ఏళ్లకు. పరిమాణం తప్పు లెక్కేస్తే తీసి వేరే చోట పెట్టుకోలేరు.

ఇక ఇలాంటి వార్త చదివేటప్పుడు నేను వెతికేవి ఇవి: ఆ అంకె భూమిలో ఉన్నదా, పైకి తీయగలిగేదా? ప్రపంచ సగటున చమురు క్షేత్రాల్లో ఉన్నదానిలో మూడో వంతు చుట్టుపక్కలే బయటికి వస్తుంది. స్వెర్‌డ్రుప్ లాంటి రాతిలో 65 శాతం పైగా ఆశిస్తున్నారు, అది మినహాయింపు. కింది అంకె ఇచ్చారా? ఎన్ని బావులు తవ్వారు, వాటిలో ఒక్కటైనా నీటిలోకి దిగిందా? అన్నీ చమురులోనే ఆగాయని గొప్పగా రాస్తే నాకు అనుమానం వస్తుంది, అంచు ఎక్కడో వాళ్లకు ఇంకా తెలియదన్నమాట.